గురవమ్మ కార్డు తీసేసిన సంగతి

నా పేరు ఆకెళ్ళ కౌముది. వయసు నలభై నాలుగు. భర్త గోపీనాథ్, బ్యాంకు ఉద్యోగి. కలకత్తాలో లేక్ మార్కెట్ దగ్గర ఉంటున్నాం. నేను ఒక కాలేజీలో కంప్యూటర్ సైన్సు పాఠాలు చెబుతాను. అది కాక, 'శుశ్రూష' అనే సాఫ్ట్‌వేర్ బాగోగులు చూసుకునే ఐదుగురిలో ఒకదాన్ని. ఆ పనికి మాకెవరికీ జీతం లేదు.

ఈ వాంగ్మూలం 2025 జులై 19, శనివారం, హౌరాలోని ఈ ఠాణాలో దర్యాప్తు అధికారి ఇన్‌స్పెక్టర్ తరఫ్‌దార్ గారి ఎదుట నా చేత్తో రాసి ఇస్తున్నాను. తెలుగులో రాస్తానని నేనే అడిగాను. ఇంగ్లీషులో రాయగలను. కానీ ఇది ఎవరికి చదివి వినిపించాలో వాళ్ళు ఇక్కడికి దగ్గర్లోని టికియాపారాలో ఉన్నారు, వాళ్ళకి ఇంగ్లీషు రాదు. "లిఖున్ దీదీ, అనువాద్ పరే హబే" అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు. రాయండి, అనువాదం తరవాత చూద్దామని.

చనిపోయిన మనిషి అప్పాయమ్మ, వయసు ముప్ఫై ఎనిమిది, రోడ్లు ఊడ్చే పని. అరెస్టయిన మనిషి పుష్పరాణి, టికియాపారాలో పారిశుధ్య కార్మికుల కోసం ఒక సమితి నడిపే క్లినిక్కులో నర్సు. అప్పాయమ్మకు పెన్సిలిన్ పడదని రికార్డులో ఉన్నా చూడకుండా ఆ ఇంజెక్షనే ఇచ్చిందని పుష్పరాణి మీద కేసు. తెర మీద ఏమీ లేదని పుష్పరాణి మొదటి నుంచీ చెబుతోంది. ఉందని క్లినిక్కువాళ్ళు ప్రింటు తీసి ఇచ్చారు. సోమవారం ఆమె బెయిలు విచారణకు వస్తుంది. ఎవరు అబద్ధం చెబుతున్నారో తేల్చమని నన్ను పిలిచారు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. రెండూ నిజమే. అది ఎలాగో రాస్తున్నాను.

ముందు సాఫ్ట్‌వేర్ గురించి. 'శుశ్రూష' చిన్న క్లినిక్కుల్లో రోగుల వివరాలు దాచిపెట్టే ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేర్. అంటే ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, లోపల ఏం రాశామో చదవచ్చు, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు. ఒకసారి తీసుకున్నాక వాళ్ళ దగ్గరున్నది వాళ్ళది. అక్కడ ఎవరు ఏం చేశారో వాళ్ళు చెబితేనే మాకు తెలుస్తుంది. టికియాపారా క్లినిక్కు 2018 నుంచి దీన్ని వాడుతోంది.

ఇందులో రోగుల కార్డులు ఒక పట్టికలో ఉంటాయి. ఎవరికి ఏ మందు పడదో ఇంకో పట్టికలో ఉంటుంది. ఆ రెండో పట్టికలో మనిషి పేరు ఉండదు, కార్డు నంబరు మాత్రం ఉంటుంది. ఆ నంబరు పట్టుకుని వెళితే మనిషి దొరుకుతుంది. నంబరు ఉండి కార్డు లేని పరిస్థితి రాకుండా కాపలా కాసే కట్టుబాటును ఫారిన్ కీ అంటారు. బయటి దేశం సర్వరా అని ఇన్‌స్పెక్టర్ గారు అడిగారు. కాదు. హౌరా స్టేషన్ క్లోక్‌రూమ్‌ను ఉదాహరణగా చెప్పాను. సంచి అరలో ఉంది, దానికి కట్టిన చీటీ మీద ప్రయాణికుడి నంబరు ఉంది. ఆ సంచి అక్కడ ఉన్నంతసేపూ ప్రయాణికుడి పేరు కొట్టెయ్యనివ్వని గుమాస్తా ఒకడున్నాడనుకోండి. ఎవరు చెప్పినా కొట్టెయ్యడు. స్టేషన్ మాస్టరు చెప్పినా కొట్టెయ్యడు. ఫారిన్ కీ ఆ గుమాస్తా.

"అలాంటివాడు మా డిపార్టుమెంటులో ఉంటే రెండో వారానికి బదిలీ అయిపోతాడు దీదీ," అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు.

మా సాఫ్ట్‌వేర్‌లో కూడా దాదాపు అదే జరిగింది.

ఇప్పుడు రాయబోయేది నేను సాఫ్ట్‌వేర్‌లో చూసింది కాదు, మనుషుల దగ్గర విన్నది. టికియాపారాలో రైలు పట్టాల పక్క ఇళ్ళ లైనులో తెలుగు కుటుంబాలు మూడు తరాలుగా ఉన్నాయి. పలాస చుట్టుపక్కల నుంచి వచ్చినవాళ్ళు. ఊడ్చే పని అక్కడ ఒక పేరుకి వస్తుంది. ఆ పేరున్న మనిషికి ఒంట్లో బాగులేకపోతే ఇంట్లో ఇంకొకరు అదే పేరుతో వెళతారు. ఆ మనిషి పోయినా అదే పేరుతో వెళుతూ ఉంటారు. దాన్ని వాళ్ళు పేరు మీద పని అంటారు. మేస్త్రీలకు తెలుసు. క్లినిక్కులో తెలుసు. మోసం చేస్తున్నామని లైనులో ఎవరూ అనుకోరు, చీపురు పట్టి నిజంగానే ఊడుస్తున్నారు కాబట్టి. ఒక కార్డు అంటే ఒక మనిషి అన్న నమ్మకం మీద మేం సాఫ్ట్‌వేర్ కట్టాం. ఆ లైనులో ఒక పేరంటే ఒక ఇల్లు. ఇది నాకు ఈ కేసు వచ్చాకే తెలిసింది. తెలిసి ఉంటే వేరేగా కట్టి ఉండేవాళ్ళమా అంటే, చెప్పలేను.

అప్పాయమ్మ భర్త దేముడు. దేముడి తల్లి గురవమ్మ. పని గురవమ్మ పేరు మీద ఉంది. గురవమ్మ 2017లో ఊరు వెళ్ళి అక్కడే చనిపోయింది. అప్పటికే ఆమె బదులు అప్పాయమ్మ ఊడుస్తోంది, తరవాతా ఊడ్చింది. 2018లో క్లినిక్కులో గురవమ్మ పేరుతో కార్డు తయారైనప్పుడు కుర్చీలో కూర్చున్నది అప్పాయమ్మ. కాబట్టి ఆ కార్డు కింద గురవమ్మది పేరు ఒక్కటే. బరువు, బీపీ, రక్తం తక్కువగా ఉండటం, 2022 డిసెంబరులో పెన్సిలిన్ ఇంజెక్షను పడక గొంతు వాచి ఊపిరాడకపోవడం, అన్నీ అప్పాయమ్మవి.

ఈ సంవత్సరం జనవరిలో గురవమ్మకు కాగితాల మీద అరవై నిండాయి. ఆ పేరు రిటైరైంది. అప్పాయమ్మ తన సొంత పేరుతో రోజుకూలీగా చేరింది. క్లినిక్కులో ఆమెకు దేముడి భార్యగా కొత్త కార్డు చేశారు. చేసింది పుష్పరాణి. ఆమె అక్కడ చేరి రెండేళ్ళే అయింది, 2022 సంగతి ఆమెకు తెలియదు. కానీ పాతవి పోకూడదని, కొత్త కార్డులో పాత కార్డు నంబరు రాసే గడిలో గురవమ్మ కార్డు నంబరు రాసింది. అలా రాస్తే రెండు కార్డుల వివరాలూ ఒకే తెర మీద కలిసి వస్తాయి. ఒక మనిషి కార్డుకు ఇంకొక మనిషి కార్డును పాత కార్డుగా చూపించడం చట్టప్రకారం తప్పేమో నాకు తెలియదు. ఆమె ఆ పని చెయ్యకపోతే ఇంకా ముందే ప్రమాదం జరిగే వీలుండేదని మాత్రం తెలుసు.

మే నెలలో, రిటైరైనవాళ్ళ కార్డులు తీసెయ్యమని సమితి ఆఫీసు నుంచి క్లినిక్కుకు చెప్పారు. ఆ పని చేసింది అక్కడ రికార్డులు చూసే ఆశిష్ బాబు. ముందు వివరాలను పాత దస్త్రాల్లోకి పంపి, తరవాత కార్డు తీస్తారు. అన్నీ పోయాయి, ఒక్కటి మాత్రం దాని వివరాలతో సహా పోలేదు. గురవమ్మ కార్డు. తీసెయ్యబోయిన ప్రతిసారీ తెర మీద ఒకే వాక్యం వచ్చింది: ఈ కార్డును వేరే కార్డు పట్టుకుని ఉంది, తీయడం కుదరదు.

మే 14న ఆశిష్ బాబు మా సాఫ్ట్‌వేర్ చర్చల పేజీలో ఈ సంగతి అడిగారు. ఆ పేజీ అందరికీ కనిపిస్తుంది, ఇప్పటికీ ఉంది. అదే రోజు నాకు ఫోను చేశారు. ఆయన బెంగాలీలో మాట్లాడారు, అర్థం రాస్తున్నాను.

"దీదీ, రిటైరైనవాళ్ళని కూడా వదలదా మీ సాఫ్ట్‌వేర్? ఇది మా ఆఫీసు కన్నా ఘోరంగా ఉంది."

"తీయకండి ఆశిష్‌దా. మూసేసినట్టు గుర్తు పెట్టి వదిలెయ్యండి. ఆ వీలుంది."

"మూసేసినా లెక్కలో కనిపిస్తోంది. లెక్కలో కనపడకూడదంటున్నారు."

"ఏదో కార్డు దాన్ని పట్టుకుని ఉంది. అదేమిటో చూడండి."

"చూశాను. కోడలి కార్డు. కోడలు అత్తగారిని పట్టుకుని వేలాడటం మా బెంగాల్లో జరగదు దీదీ," అని నవ్వారు. నేనూ నవ్వాను.

చర్చల పేజీలో నా జవాబు కింద, హైదరాబాద్ నుంచి ఈ పని చూసే రఘురాం ఇంకో జవాబు రాశాడు. ఫారిన్ కీ తనిఖీని కాసేపు ఆపడం ఎలాగో ఒక వాక్యం ఇచ్చి, చివర 'మీ బాధ్యత మీద' అని పెట్టాడు. రఘురాం చెడ్డవాడు కాదు. తనిఖీ ఆపే వీలు డేటాబేసులోనే ఉంది, అది దాచిపెట్టిన విషయం కాదు. పాత డేటాను ఒకచోటి నుంచి ఒకచోటికి మార్చేటప్పుడు మేమందరం వాడతాం. మరునాడు నేను అదే పేజీలో, ఇలా చేస్తే సంబంధం తెగిపోయిన వివరాలు లోపలే ఉండిపోతాయని రాశాను. దాన్ని ఎవరు చదివారో తెలియదు. నన్ను తొలుస్తున్నది మాత్రం అది కాదు. సాఫ్ట్‌వేర్ వద్దంటోందని ఆశిష్ బాబు అన్నారు. వద్దంటే చెయ్యకండని నేను అన్నాను. వద్దంటే ఇలా చేసుకోండని రఘురాం అన్నాడు. ఎందుకు వద్దంటోందని ముగ్గురిలో ఎవరం పూర్తిగా అడగలేదు. రిటైరైన ముసలామె కార్డు కింద బతికున్న మనిషి ఎందుకుందని అడగలేదు.

ఎవరు ఎప్పుడు ఏం చేశారో క్లినిక్కు కంప్యూటరు దాచిపెట్టే జాబితా ప్రకారం మే 21న సాయంత్రం నాలుగు దాటాక ఆశిష్ బాబు లాగిన్ నుంచి తనిఖీ ఆపారు, గురవమ్మ కార్డు ఒక్కటి తీసేశారు, తనిఖీ తిరిగి పెట్టారు. మూడూ కలిపి నిమిషం పట్టలేదు. తిరిగి పెట్టాక అంతా మామూలుగానే ఉంది. అది మామూలుగా కనిపించడమే ఇక్కడి చిక్కు. ఈ డేటాబేసులో ఆ తనిఖీని తిరిగి పెట్టినప్పుడు, అది ఆగి ఉన్న సమయంలో ఏం జరిగిందో వెనక్కి తిరిగి చూడదు. అప్పటి నుంచి జరిగేదే చూస్తుంది.

పెన్సిలిన్ పడదన్న వాక్యం ఆ పట్టికలో అలాగే ఉంది. దాని పక్కన ఉన్న నంబరు ఇప్పుడు ఎవరిదీ కాదు. సంచి ఉంది, చీటీ ఉంది, చీటీ మీది నంబరు పుస్తకంలో లేదు.

అప్పాయమ్మ కార్డు తెరిచినప్పుడు 'శుశ్రూష' ముందు పాత కార్డును వెతుకుతుంది, దొరికితే దాని కింద ఉన్నవి తెస్తుంది. దొరక్కపోతే ఏం చెయ్యాలో మాలో ఎవరూ రాయలేదు. కాపలా ఉండగా దొరక్కపోవడం జరగదు కదా అనుకున్నాం. అందుకని అది మౌనంగా దాటిపోయి, 'పడని మందులు: ఏమీ లేవు' అని చూపించింది. 'తెలియదు' అని చూపించలేదు. 'ఏమీ లేవు' అని చూపించింది. ఈ రెండింటికీ తేడా ఉందని నేను విద్యార్థులకు ప్రతి సంవత్సరం చెబుతాను.

జులై 3, గురువారం. ఆ రోజు నేను అక్కడ లేను. దేముడు ఉన్నాడు, అతను చెప్పింది రాస్తున్నాను. రథయాత్ర మరునాడు రోడ్డు ఊడుస్తుంటే అప్పాయమ్మ కాలికి గాజు పెంకు దిగింది. వానలో, మురుగులో తిరగడంతో అది చీము పట్టింది. ఉదయం పదిన్నరకు క్లినిక్కుకు వెళ్ళారు. డాక్టరు చూసి పెన్సిలిన్ ఇంజెక్షను రాసి లోపలికి వెళ్ళారు. పుష్పరాణి కాలు కడిగి కట్టు కట్టింది. తరవాత ఇలా మాట్లాడుకున్నారట.

"అక్కా, సూదులు నీకు పడతాయా? ఎప్పుడైనా ఏటైనా అయినాదా?"

"ఓపాలి ఏదో సూదికి గొంతు పట్టీసినాది. ఏ సూదో నాకేటి తెలుసు? ఆ డబ్బాలో రాసినారు కదా, సూసుకో."

పుష్పరాణి తెర దగ్గరికి వెళ్ళి చూసింది. మళ్ళీ తెరిచి మళ్ళీ చూసిందని దేముడు చెప్పాడు.

"ఏటీ నేదక్కా. పాత కార్డు నానే కలిపినాను. ఉంటే ఎర్రగా వచ్చీసును."

"అయితే ఏసీయ్యే. రేపు పనికెల్లాల."

ఇంజెక్షను ఇచ్చాక కాసేపటికే అప్పాయమ్మ గొంతు పట్టుకుంది. క్లినిక్కులో ఉన్న మందు ఇచ్చారు. టోటోలో, అంటే బ్యాటరీ రిక్షాలో, పెద్దాసుపత్రికి బయలుదేరారు. రైలు వంతెన కింద మోకాలి లోతు నీళ్ళు నిలిచి టోటో ఆగిపోయింది. పుష్పరాణి నీళ్ళలో దిగి వెనక నుంచి తోసింది. అప్పాయమ్మ అక్కడే పోయింది. కట్టు కట్టిన కాలికి చెప్పు వెయ్యలేదు. ఆ చెప్పు క్లినిక్కు బల్ల కింద ఉండిపోయింది. సాయంత్రం పుష్పరాణి దాన్ని తెచ్చి ఇచ్చిందని దేముడు రెండుసార్లు చెప్పాడు.

ఒకసారి గొంతు పట్టేసిందని రోగి నోటితో చెప్పాక తెర ఏం చెప్పినా ఆగాల్సిందని ఇన్‌స్పెక్టర్ గారు అన్నారు. ఆ మాటను నేను కొట్టిపారెయ్యలేను. వైద్యం నాకు తెలియదు. నేను చెప్పగలిగింది ఒక్కటే. ఆమె అడిగింది. రోగి తెర చూడమంది. ఆమె తెర చూసింది. తెర ఏమీ లేదంది. తెర 'తెలియదు' అని ఉంటే ఆగేదేమో.

జులై 8న పుష్పరాణిని అరెస్టు చేశారు. క్లినిక్కు ఇచ్చిన ప్రింటు ఆశిష్ బాబు తీసిందే. ఆయన రోగి తెర నుంచి కాక, నేరుగా లోపలి పట్టికలోకి వెళ్ళి, పాత నంబరుతో వెతికి తీశారు. తెరలో ముందు ఎందుకు చూడలేదని 13వ తేదీన అడిగాను. "అలవాటు దీదీ. నేనెప్పుడూ పట్టికలోనే చూస్తాను," అన్నారు. ఆయన మొహం చూశాను. అబద్ధం చెబుతున్నారనీ అనలేను, నిజం చెబుతున్నారనీ అనలేను. వాళ్ళమ్మాయికి టైఫాయిడ్ వస్తే అదే క్లినిక్కులో పుష్పరాణి మూడు రాత్రులు కూర్చుందని ఆయనే నాకు చెప్పారు. చెప్పి, కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండిపోయారు.

జులై 12న ఇన్‌స్పెక్టర్ గారు సీలు వేసిన డేటాబేసు నకలు ఒకటి నాకు చూపించారు. పైన రాసిన తీసివేత సంగతి అందులోనే చూశాను. నర్సుది తప్పు కాదని ఆ రోజే చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. చెప్పాలంటే అప్పాయమ్మ కార్డు గురవమ్మ కార్డును ఎందుకు పట్టుకుని ఉందో చెప్పాలి. అది చెబితే పేరు మీద పని సంగతి బయటపడుతుంది. ఆ సంగతి నాకు అప్పటికి సగమే తెలుసు. మిగతా సగం పుష్పరాణికి తెలుసు. ఆమె పోలీసులకు ఆ మాటే ఎత్తలేదు.

జులై 16న మహిళా కానిస్టేబులు ఎదుట పుష్పరాణితో మాట్లాడటానికి అనుమతి దొరికింది. ఆమె నన్ను చూడటం అదే మొదటిసారి. నా పేరు మాత్రం సాఫ్ట్‌వేర్ తెర అడుగున రోజూ చూసేదట.

"మీరేనా ఆ కౌముది అమ్మగోరు? ముసలాయిడ అనుకున్నాను."

"కార్డులు కలిపింది నువ్వేనని ఎందుకు చెప్పలేదమ్మా?"

"సెప్తే ఎందుకు కలిపినావంటారు. అత్త కార్డు కోడలికెందుకంటారు. అప్పుడు లైనులో ఇల్లిల్లూ తిరుగుతారు. ఏ ఇంట్లో ఎవరి పేరు మీద ఎవరు ఊడుత్తన్నారో మీకు తెలుసా?"

"తెలీదు."

"తెలుసుకోకండి. అమ్మా, మీరు కంపూటరు సంగతి సెప్పండి. పేరు సంగతి వొగ్గీయండి."

"రెండూ ఒకటే పుష్పా. కంప్యూటరులో తెగింది ఆ పేరే."

"నాను మళ్ళీ తెరిసి మళ్ళీ సూసినానమ్మా," అంది. నాకు తెలుసన్నాను. "మళ్ళీ తెరిసి మళ్ళీ సూసినాను," అని ఇంకోసారి అంది.

మరునాడు టికియాపారా వెళ్ళాను. దేముడి ఇంటి ముందు పది మంది దాకా చేరారు. లైనులో పెద్ద, నరసింహం అనే ఆయన, నన్ను కూర్చోమని అనకుండానే మొదలుపెట్టాడు.

"మీరు కట్టిన డబ్బా ఓ మనిసిని సంపీసినాది. ఇప్పుడు మీరు రాసే కాయితం లైను మొత్తాన్ని సంపీడానికా? మీకేటమ్మా, రాసీసి లేక్ మార్కెట్టు ఎల్లిపోతారు, దోసెలు తింటారు."

రాస్తే గురవమ్మ పేరు మీద రావలసిన రిటైర్మెంటు డబ్బు ఆగిపోవచ్చని, దేముడి మీదే కేసు పెట్టవచ్చని, మిగతా ఇళ్ళ మీదికి కూడా రావచ్చని, రాకపోవచ్చని, నాకు తెలిసినంత చెప్పాను. రాయకపోతే పుష్పరాణి జైల్లో ఉంటుందని చెప్పాను. పుష్పరాణి తల్లి గుమ్మం పక్కన నిలబడి ఉంది. ఆమె రాయమని గానీ వద్దని గానీ అనలేదు.

"ఊరుకోరా నరసింహం బావా," అన్నాడు దేముడు. "మాయమ్మ పేరు మీద నా పెళ్ళాం ఎన్నేళ్ళు ఊడిసినాది? మేస్త్రీ గురవమ్మా అంటే పలికీసేది. ఓనాడు నానూ ఎకసెక్కానికి గురవమ్మా అన్నాను, సెంబు తీసి ఇసిరినాది. నాకూ పేరుందిరా అన్నాది." "పుష్ప నా పెళ్ళాం కాలు కడిగిన పిల్ల. టోటో తోసిన పిల్ల. నాను దాన్ని జైల్లో ఎట్టలేను. రాసీయండమ్మా."

"తొందరపడకు దేముడూ, ఆలోచించుకో," అన్నాను.

"ఆలోసించినాను. ఒకటే మాట. డబ్బాలో రాసుంది సూసుకో అన్నాది కదా అది. ఎక్కడ రాసుందో నాను సూడాల."

నరసింహం ఉమ్మేసి వెళ్ళిపోయాడు. కాసేపటికి తిరిగి వచ్చి, నాకు టీ తెమ్మని ఎవరికో చెప్పాడు.

నిన్న, జులై 18 ఉదయం, ఈ ఠాణాలో, సీలు వేసిన నకలుకు ఇంకో నకలు తీసి, ఇన్‌స్పెక్టర్ గారు, ఇద్దరు సాక్షులు, ఆశిష్ బాబు, దేముడు చూస్తుండగా రెండు పనులు చేశాను. మొదట, జులై 3న ఎలా ఉందో అలాగే అప్పాయమ్మ కార్డు తెరిచాను. 'పడని మందులు: ఏమీ లేవు' అని వచ్చింది. ఇన్‌స్పెక్టర్ గారు కుర్చీ దగ్గరికి లాక్కుని చదివారు. మళ్ళీ తెరవమన్నారు. మళ్ళీ తెరిచాను. ఏమీ లేవు అనే వచ్చింది. తరవాత పట్టికలోకి వెళ్ళి ఆ పెన్సిలిన్ వాక్యం చూపించాను. ఉంది. ఆశిష్ బాబు తీసిన ప్రింటులో ఉన్నది అక్షరం తేడా లేకుండా అదే. ఆశిష్ బాబు గోడకు ఆనుకుని నిలబడ్డారు. "ఆమి జాన్‌తామ్ నా," నాకు తెలియదు, అన్నారు.

"ప్యాసింజర్ లేడు, సంచి ఉంది," అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు.

రెండో పని. ఆ వాక్యం పక్కనున్న నంబరు, ఎవరిదీ కాని నంబరు తీసి, అక్కడ అప్పాయమ్మ సొంత కార్డు నంబరు రాశాను. తనిఖీ ఆపకుండానే రాశాను. ఫారిన్ కీ అడ్డు చెప్పలేదు. అలాంటి మనిషి ఉందని ఒప్పుకుంది. కార్డు మళ్ళీ తెరిచాను. తెర పైభాగం అంతా ఎర్రగా వచ్చింది. ఎర్రటి పట్టీలో తెల్ల అక్షరాలు: పెన్సిలిన్ ఇవ్వకూడదు, ప్రాణాపాయం. దాని కింద ఆమె పేరు.

దేముడు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. అతన్ని దగ్గరికి రమ్మన్నాను. అతను రాలేదు.

"నాకు సదువు రాదమ్మా," అన్నాడు. "అయినా ఇక్కణ్ణించే అగుపడతంది."

నా అభ్యర్థనలు రెండు. క్లినిక్కు అసలు కంప్యూటరులో ఆ వాక్యం ఇప్పటికీ ఎవరిదీ కాని నంబరుతోనే ఉంది. దాన్ని శుభ్రం చెయ్యమని సమితి ఆఫీసు నన్ను అడిగింది. నేను చెయ్యలేదు. న్యాయస్థానం చెప్పేదాకా దాన్ని ఎవరూ తీయకుండా చూడాలి. అలాగే, పాత కార్డు దొరకనప్పుడు 'ఏమీ లేవు' అనకుండా 'తెలియదు, ఆగండి' అని చూపించే మార్పు మేం నిన్న రాత్రి చర్చల పేజీలో పెట్టాం. దాన్ని ఎవరు తీసుకుంటారో, ఎవరు తీసుకోరో మా చేతుల్లో లేదు. ఈ సాఫ్ట్‌వేర్ వాడే ప్రతి క్లినిక్కుకూ దాన్ని తెలియజేయమని కోరుతున్నాను.

పైన రాసినదాంట్లో చూసింది చూశానని, విన్నది విన్నానని, తెలియనిది తెలియదని రాశాను. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. లైనులో మిగతా ఇళ్ళలో ఎవరి పేరు మీద ఎవరు ఊడుస్తున్నారో, ఆ వివరాలు రాయలేదు. అది మరిచిపోయి కాదు. అవి ఈ చావుకు సంబంధించినవి కావని అనుకుంటున్నాను, పొరపడి ఉండవచ్చు. మిగిలినదంతా నిజమని నమ్మి సంతకం చేస్తున్నాను.

(సంతకం) ఆకెళ్ళ కౌముది
హౌరా, 19-7-2025

ఇది నాకు తెలుగులో చదివి వినిపించారు. నా గురించి, నా ఇంటివాళ్ళ గురించి ఇందులో ఉన్నది సరిగ్గానే ఉంది. గురవమ్మ మా అమ్మ, ఆమె 2017లో ఊళ్ళో చనిపోయింది. ఇప్పుడు చనిపోయింది నా భార్య. ఆమె పేరు అప్పాయమ్మ.

దేముడు, ఎడమ చేతి బొటనవేలి ముద్ర